అన్న గాలానికి పిడి

నవంబరు 4

ఇది డైరీ కాదు. డైరీ రాసుకోవడం అద్దం ముందు కూర్చుని తన కన్నీళ్ళు తానే తుడుచుకునే జబ్బని ఇరవై ఏళ్ళ కింద నేనే రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోను. ఇవి రాయబోయే ఒక వ్యాసానికి నోట్సు. విషయం: పెద్ద చేపలు పట్టే బరువైన గాలం కట్టెకు ఎలాంటి పిడి ఉండాలి. నవ్వేవాళ్ళు నవ్వనీ. సూది మీద, చెప్పు మీద, చీపురు మీద రాసినవాణ్ణి, పిడి మీద రాయలేనా. లోకంలో సగం మంది పిడి పట్టి బతుకుతుంటే మిగతా సగం వాళ్ళను పట్టుకుని బతుకుతున్నారు. ఇంతకంటే పెద్ద విషయం ఏముంది.

పొద్దున మా ఆవిడ విజయశ్రీ టీ గ్లాసు నా కాగితాల మీదే పెట్టింది.

"సరోజనక్క ఫోన్ జేసింది. బావ చెరువుకు పోతా అని ఒకటే గునుస్తాండట. పాత వెదురు కట్టె పెద్ద చేపకు ఆగదు. నువ్వొక మంచి గాలం కొనియ్యరాదు."

"నేను కొనిస్తే అన్న ముట్టుకుంటాడా?"

"ముట్టుకుంటడో పారేస్తడో. మనిషి సచ్చిపోయిండని పేపర్ల రాసినోనివి. ఇంతకన్న పోయేదేమున్నది?"

ఆమె బడి పంతులమ్మ. ఎదుటివాడి తప్పును ఎర్ర సిరాతో చుట్టందే టీ కూడా ఇవ్వదు.

రికార్డు కోసం: ఫిబ్రవరి సంచికలో నా వ్యాసం "మా అన్న కైలాసం మరణించాడు" అనే వాక్యంతో మొదలైన మాట నిజమే. అది రూపకం. మరణించింది చేనేత. రెండో పేజీలో ఆ సంగతి స్పష్టంగా ఉంది. రెండో పేజీ దాకా చదవని సమాజానికి నేను బాధ్యుణ్ణి కాను. మగ్గం పక్కన అన్న నవ్వుతున్న ఫొటో వేసింది పత్రికవాళ్ళు. డోర్నకల్ నుంచి మా మేనత్త కూతురు దారిపొడుగునా ఏడుస్తూ రైల్లో వచ్చి కాశిబుగ్గ ఇంటికి చేరేసరికి, అన్న గడపలో కూర్చుని బీడీ ముట్టిస్తున్నాడు. ఆమె ఏడుపు ఆపలేకపోయింది, అన్న ఆమెకు మంచినీళ్ళు ఇచ్చాడు. నేత సంఘం వాళ్ళు పూలదండ తెచ్చారు. మనిషి మెడలో వెయ్యలేక, వెనక్కి తీసుకుపోలేక మగ్గానికి వేసి వెళ్ళారు.

ఆ రోజు నుంచి అన్న నాతో మాట్లాడడం లేదు. మే నెలలో ఆయనకు పక్షవాతం వచ్చింది. నోరు బాగైంది. నాతో తప్ప అందరితో మాట్లాడుతున్నాడు. కుడిచెయ్యి మాత్రం సగమే తిరిగొచ్చింది.

పక్షవాతం రక్తపోటు వల్ల వస్తుంది. వ్యాసం వల్ల రాదు.

నవంబరు 6

రెండు రోజుల అధ్యయనం. తేలిందేమిటంటే పిడిలోనూ వర్గాలున్నాయి. దారం చుట్టే రీలు దగ్గర నుంచి కట్టె అడుగున ఉండే తోక దాకా ఒకటే ముక్కగా ఉండేది నిండు పిడి. ముందొక ముక్క, తోక దగ్గరొక ముక్క ఉండి, మధ్యలో కట్టె బోసిగా కనబడేది రెండు ముక్కల పిడి. సరుకును బట్టి మళ్ళీ రెండు: కార్కు, నురుగు రబ్బరు. కార్కు ఎక్కడో పోర్చుగల్‌లో చెట్టు తోలు ఒలిచి తెస్తారు. నురుగు రబ్బరు చమురు కంపెనీల కడుపులోంచి వస్తుంది. ఒక పక్క పాత వలసవాదం, ఇంకో పక్క కొత్త వలసవాదం. మధ్యలో వరంగల్ మనిషి ఖాళీ చేతులతో నిలబడ్డాడు.

ఫోను వీడియోలో చలువ కళ్ళద్దాల పెద్దమనిషొకడు పిడి మీద ఇరవై నిమిషాలు ఉపన్యసించి, "మీకు ఏది కంఫర్ట్ అయితే అదే తీసుకోండి" అని ముగించాడు. సిద్ధాంతం లేనివాడు చివరకు కంఫర్ట్ దగ్గరే తేలతాడు.

ఓరుగల్లు గాలం మిత్రులు అనే వాట్సాప్ గ్రూపులో చేరాను. రెండు వందల మంది. ఫొటోల్లో అందరి నోళ్ళూ తెరిచే ఉన్నాయి, చేపలతో సహా.

ఇదంతా అన్న కోసమని విజయశ్రీ అనుకుంటోంది. అనుకోనీ.

నవంబరు 7

గ్రూపులో హరికృష్ణ అనే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు ఉన్నాడు. నిండు పిడి పక్షం. నేను ప్రశ్న వెయ్యగానే వాయిస్ మెసేజ్ పెట్టాడు: "సార్, పదికిలోల బొచ్చె చేప పడ్డదనుకోండ్రి. చెయ్యి ఎక్కడ జారితే అక్కడ పిడే ఉండాలె. మధ్యల బోసిగ ఉంటే పట్టు దొరకది. గంతే."

గంతే అట. పదకొండు వందల మాటల్లో జవాబు రాశాను. కొంత భాగం ఇక్కడ దాచుకుంటున్నాను, పుస్తకంలోకి పనికొస్తుంది:

"నిండు పిడిలో మధ్యభాగం చేసే పనేమిటి? కట్టెను పట్టేది ముందు ముక్క. బలమిచ్చేది తోక ముక్క. మధ్యలోది ఆ రెంటి కష్టం తిని లావెక్కిన దళారీ. నేసేవాడికీ కట్టుకునేవాడికీ మధ్య షావుకారు కూర్చున్నట్టు, చేతికీ చేపకూ మధ్య ఈ అనవసరపు కార్కు కూర్చుంది. దాన్ని తొలగించాలనడం అతివాదం కాదు, కనీస ప్రజాస్వామ్యం."

హరికృష్ణ జవాబు: "మంచిగ రాసిన్రు సార్. కాని చేపకు ఇదంత తెల్వది."

నలభై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. ప్రజలు కొన్నిసార్లు తమ శత్రువుతో కలిసి నవ్వుతారు.

నవంబరు 8

నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఇది నాకు ఐదో బహిష్కరణ. మొదటి నాలుగూ ఇంతకంటే చిన్న విషయాల మీద జరిగాయి.

నవంబరు 10

హన్మకొండలో ఎల్లస్వామి దుకాణం. వలలు, గాలాలు, తూకం రాళ్ళు. గాలం కట్టెలకు పిడి తొడగడం, విరిగినవి అతకడం ఆయన చేతిపని. తాతల నాటి నుంచి చెరువు మీద బతికిన మనిషి. ఇలాంటివాడితోనే మాట్లాడాలని వెళ్ళాను.

"ఎవరికి సార్?"

"కష్టం చేసే చేతికి."

"కష్టం జేసే చెయ్యి పొడుగా, పొట్టా?"

పిడిలో మధ్యభాగపు దళారీతనం గురించి వివరించాను. ఆయన ఒక వలకు ముడి వేస్తూ మొత్తం విన్నాడు. ఓపికగల మనిషి. చివరకు అన్నాడు: "సార్, జర ఆ మనిషిని తోల్కరాండ్రి. నాలుగు కట్టెలు చేతిల పెట్టి సూస్తే రెండు నిమిషాల పని."

"ఆయన రాడు."

"మరి మీరన్న పొయ్యి కొల్త తేండ్రి."

"మా ఇద్దరిదీ ఒకే కొలత. ఒక తల్లి పిల్లలం" అని నా చెయ్యి చాపాను.

ఎల్లస్వామి మోచేతి నుంచి గుప్పిట దాకా టేపు పెట్టి కొలిచాడు. నా అరచెయ్యి తిప్పి చూశాడు. "ఇది కష్టం జేసిన చెయ్యి తీరు లేదు" అన్నాడు.

"ఇది రాసే చెయ్యి."

"గదే అంటాన."

అన్న ఆరోగ్యం సంగతి ఆయనకు చెప్పలేదు. అడగలేదు కనుక చెప్పలేదు.

నవంబరు 12

తీర్మానం. రెండు ముక్కల పిడి. నురుగు రబ్బరు, ఎందుకంటే కార్కు బాబుల సరుకు. సన్నగా ఉండాలి, ఎందుకంటే లావు పిడి ఆడంబరం. పొడవు మోచెయ్యి దాకా. ఎల్లస్వామికి ఫోను చేసి చెప్పాను. "మీ ఇష్టం సార్" అన్నాడు. ప్రజామోదం లభించింది.

నవంబరు 17

తెచ్చి ఇచ్చాను. అమలులో లోపం జరిగింది.

జరిగింది జరిగినట్టు రాయాలి. నేను వెళ్ళేసరికి ముందు గదిలో మగ్గం పక్కన మంచం మీద కూర్చుని అన్న పక్కింటాయనతో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి మాట మధ్యలో ఆపేశాడు. పక్కింటాయన ఇద్దరినీ చూసి చెప్పులు వేసుకున్నాడు. సరోజన వదినె మాత్రం, "వచ్చినవా ఓంకారూ, కూసో" అంది.

కట్టె సంచిలోంచి తీసి ఆయన ముందు పెట్టాను. నల్లగా మిలమిలా ఉంది. అన్న కళ్ళు దాని మీదికి పోయాయి. అది నేను స్పష్టంగా చూశాను. ఎడమచేత్తో తీసుకున్నాడు, బరువు చూశాడు, కొస ఊపి చూశాడు. తర్వాత కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి పిడి మీద పెట్టుకున్నాడు. వేళ్ళు సగం ముడుచుకుని ఆగిపోయాయి. పిడి సన్నం, ఆ గుప్పిట లోపల దానిచుట్టూ ఖాళీయే మిగిలింది. చెయ్యి కిందికి జారింది. అక్కడ మధ్యలో బోసి కట్టె, నేను దళారీని తొలగించిన చోటు. పట్టు దొరకలేదు. చంకలో ఇరికించి ఆపబోయాడు, తోక అందలేదు. కట్టె కింద పడింది.

తియ్యడానికి నేను వంగాను. అప్పటికే ఆయన లేచి, కాలీడ్చుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

"మంచిగనే ఉన్నది" అంది వదినె కట్టె గోడకు ఆనిస్తూ. "నీకు."

రెండు ముక్కల పిడి సిద్ధాంతరీత్యా సరైనదే.

నవంబరు 18

పక్షవాతం రక్తపోటు వల్ల వస్తుంది. దవాఖానాలో డాక్టరు కూడా అదే అన్నాడు. నేను అడగకుండానే అన్నాడు.

కాదు. అడిగాను. రెండుసార్లు అడిగాను.

నవంబరు 19

వెనక్కి తెచ్చేసిన కట్టె పట్టుకుని ఎల్లస్వామి మీదికి వెళ్ళాను. నాసిరకం రబ్బరు, వ్యాపార దృష్టి, చేతివృత్తిలోకి మార్కెట్ విలువల చొరబాటు వగైరా అన్నీ వరసగా అన్నాను. ఆయన ముక్కుపొడి పీల్చి, "పడ్డ చెయ్యా?" అని అడిగాడు.

"సగం."

"పడ్డ చెయ్యని ముందుగాల చెప్పద్దా సార్? మీ చెయ్యి చూపిచ్చి మీ అన్నకు పిడి కట్టిచ్చుకపోతిరి. అంగీ కుట్టేటోడు గూడ ఇట్ల చెయ్యడు." కట్టె అందుకుని తోక వైపు చూశాడు. "దీన్ని పొడుగు జేస్త, సంకల ఇరికేటట్టు. రీలు తిప్పే మర ఎడమ దిక్కుకు మారుస్త. లావు ఎంతుండాల్నో మాత్రం ఆ చెయ్యే చెప్పాలె. మీరు ఆ చెయ్యి పట్టుకొని సూసిన్రా?"

"దవాఖానాకు వెళ్ళాను, చూశాను."

"సూసుడు గాదు. పట్టుకొని."

వార్డు గుమ్మం దాకా మూడు రోజులు వెళ్ళాను. ఆ మాట ఆయనకు అనవసరం.

"గోదుమపిండి ముద్ద జేసి ఆయన చేతిల వెట్టుండ్రి. పట్టుకోమనుండ్రి. గుప్పిట ఎంతవరకు ముడుసుకుంటదో పిండి మీద అచ్చు పడ్తది. గది తెచ్చియ్యిండ్రి, దాన్ని బట్టి జేస్త. మా నాయిన పడ్డప్పుడు నేను గట్లనే జేసిన."

నవంబరు 21

వెళ్ళలేదు. ఒకరి పుస్తకానికి ముందుమాట రాయాల్సి ఉంది.

నవంబరు 22

వెళ్ళలేదు. ముందుమాట కూడా రాయలేదు. తోక పొడుగు చేసిన కట్టె తలుపు మూల ఉంది. విజయశ్రీ దాన్ని దాటుకుంటూ, "పిండి నేను పిసికియ్యాల్నా?" అని అడిగింది.

నవంబరు 23

పొద్దున తొమ్మిదింటికి కాశిబుగ్గ. కట్టె కూడా పట్టుకెళ్ళాను. వదినె పిండి కలిపి ఇచ్చింది. ఆమెకు ఫోనులోనే చెప్పాను. ఆమె చేతికి ఇచ్చి ఆమెతోనే పెట్టించాలని నా ఆలోచన. ముద్ద నా చేతిలో పెట్టి, "నాకు పొయ్యి మీద కూరున్నది" అంది. పొయ్యి మీద ఏమీ లేదు, గదిలోంచి కనబడుతూనే ఉంది.

అన్న మంచం మీద, గోడ వైపు చూస్తున్నాడు. నేను కింద కూర్చున్నాను. కుర్చీ ఉంది, అయినా కిందే కూర్చున్నాను. కుడిచెయ్యి తీసుకున్నాను. తీసుకోనిచ్చాడు.

నన్ను చదివించిన చెయ్యి అని నేను మూడు వ్యాసాల్లో రాశాను. ఎంత బరువుంటుందో మాత్రం ఈరోజే తెలిసింది. చల్లగా ఉంది. చూపుడువేలు పక్కన కాయ కాసిన చోటు ఇప్పటికీ గట్టిగానే ఉంది. అరచేతిలో ముద్ద పెట్టి, "పట్టుకో అన్నా" అన్నాను.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత వేళ్ళు కదిలాయి. నాలుగు వేళ్ళు మెల్లగా ముద్దలోకి దిగి, అరచేతికి చాలా దూరంలో ఆగిపోయాయి. మెడ నరాలు బిగిశాయి. ఇంకా నొక్కుతున్నాడు. "చాలు" అన్నాను. ఆపలేదు. "చాలన్నా, అచ్చు పడ్డది." ఆపాడు.

ముద్ద తీసి చూస్తే నిమ్మకాయంత లావుకు పట్టు ఉంది. నేను చేయించింది నా బొటనవేలంత.

ముద్దను పేపర్లో చుట్టబోతున్నాను, ఎల్లస్వామికి ఇవ్వాలి కదా. అన్న దాన్ని నా చేతిలోంచి ఎడమచేత్తో లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. వంటింటి వైపు తిరిగి, "సరోజనా, నూలు కండె తే. గింత గంజి గూడ" అన్నాడు.

వదినె తెచ్చింది. పొయ్యి మీద లేని కూరను అక్కడే వదిలేసి వచ్చి గడపలో కూర్చుంది. "మగ్గం గుంజే పిడికి గిట్లనే సుట్టుకునేది గదా" అంది నన్ను చూస్తూ. "ఎవని చేతికి తగ్గట్టు వాడు నూలు సుట్టుకుంటడు. ఒకని పిడి ఇంకొకడు పట్టడు. నువ్వు పుస్తకాలు రాసినవు గదా, నీకెర్కనే ఉంటది."

చేనేత మీద నాలుగు పుస్తకాలు రాశాను. నాకు ఎరుక లేదు.

గంజిలో తడిపిన నూలు. దారపు కొస కట్టెకు ముడివేసి, తోక చంకలో ఇరికించుకుని, అన్న ఎడమచేత్తో కట్టెను తిప్పడం మొదలుపెట్టాడు. దారం బిగుతుగా పట్టడానికి ఇంకో చెయ్యి కావాలి. ఆయన కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. ఆయన గడ్డం నా వైపు ఎగరేశాడు. నేను కండె పట్టుకున్నాను.

రెండు గంటలు. ఒక పొర చుట్టగానే కుడిచెయ్యి ఎత్తి పెట్టి చూసుకోవడం, ముద్దకేసి చూడడం, మళ్ళీ చుట్టడం. అరచెయ్యి పడే చోట ఎత్తుగా, వేళ్ళ కింద కాస్త పల్లంగా. నేను దళారీ అన్న ఆ బోసి మధ్యభాగం మీదే ఎక్కువ నూలు పడింది. ఒకచోట తప్పు పోతే పది చుట్లు విప్పించాడు. మాటతో కాదు, వేలితో తట్టి.

ఇదే సమయమని నాకు అనిపించింది. గొంతు సవరించుకున్నాను. "అన్నా, ఆ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, ఒక వృత్తి చారిత్రకంగా..."

"నోరు మూసుకొని దారం గుంజి పట్టు" అన్నాడు అన్న. "వదులైతాంది."

తొమ్మిది నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట. దారం గుంజి పట్టాను. జవాబు రాయడానికి చేతులు ఖాళీగా లేవు.

నవంబరు 26

పత్రికకు ఒక సవరణ రాశాను. మూడు పేజీలు. రూపకానికీ వాస్తవానికీ ఉన్న గతితార్కిక సంబంధం, పాఠకుడి బాధ్యత, ఫొటో ఎంపికలో సంపాదకవర్గపు నిర్లక్ష్యం. విజయశ్రీకి చూపించాను. కూరగాయలు తరుగుతూ మొత్తం చదివింది. ఎర్ర పెన్ను తెమ్మంటుందనుకున్నాను.

"ఇండ్ల బావ ఇంకో నాలుగుసార్లు సచ్చిండు" అంది. "చేసిన తప్పు ఒక్కటి. దానికి మూడు పేజీలెందుకు?"

గంటన్నర వాదించాను. తర్వాత రాసి పంపింది ఇది:

"ఫిబ్రవరి సంచికలో మరణించాడని నేను రాసిన మా అన్న కైలాసం బతికే ఉన్నాడు. తప్పు నాది. ఓంకార్."

సంపాదకుడు ఫోను చేసి, ఇది మరీ చిన్నదిగా ఉంది, కాస్త విశ్లేషణ జోడించగలరా అని అడిగాడు. ముప్ఫై ఏళ్ళలో నన్ను ఇంకా రాయమని అడిగిన సంపాదకుడు ఇతనొక్కడే. కుదరదన్నాను.

నవంబరు 30

ధర్మసాగరం చెరువు. తెల్లవారి ఆరింటికి కట్ట మీద ఉన్నాం. ఆటోలో అన్న కట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. గంజి ఆరి నూలు చెక్కలా గట్టిపడింది. ఎల్లస్వామికి చూపించమని, చెరువుకు పోయేవాళ్ళ కోసం తెల్లారకముందే తెరిచే ఆయన దుకాణం దగ్గర ఆటో ఆపించాడు. ఎల్లస్వామి పిడి నొక్కి చూసి, "ఇది నాతోని కాకపోవు" అన్నాడు. నా వైపు చూడలేదు. మర్యాదస్థుడు.

విసరడం నా పని. మొదటిది తుమ్మకొమ్మకు తగిలింది. రెండోది నా వెనక పడింది. అన్న కళ్ళు మూసుకున్నాడు. "చేతితోని ఇసురు తమ్మీ" అన్నాడు. "నోటితోని గాదు." మూడోది నీళ్ళలో పడింది.

కట్టె తోక చంకలో, కుడిచెయ్యి నూలు పిడి మీద, ఎడమచెయ్యి రీలు మీద. ఆ కుడిచెయ్యి జారలేదు. గంట సేపు చూశాను, జారలేదు. ఒకసారి కొస వంగింది. అన్న వెనక్కి వాలాడు, మెడ బిగిసింది, వేళ్ళు నూలులోకి దిగాయి. నేను లేచి పట్టుకోబోయాను. "కూసో" అన్నాడు. చాలాసేపు లాగి, చేప దారం తెంపుకుని పోయింది. అన్న మొహంలో నిరాశ వెతికాను. నవ్వుతున్నాడు.

ఎండెక్కాక పక్కన వల ఆరేస్తున్న ముసలాయన వచ్చి కూర్చున్నాడు. అన్నకు పాత పరిచయం లాగుంది. బీడీ పంచుకున్నారు. ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "ఎవలు కైలాసం, ఈయినె?" అని అడిగాడు.

"మా తమ్ముడు" అన్నాడు అన్న నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా. "పేపర్ల రాస్తడు. నువ్వు జర కదులుకుంట కూసో. ఊకుండి కూసుంటే పోయినవని రాస్తడు."